తండ్రికి మతి తప్పితే ‘పవరు’ పనికిరాదు
తెలివి బాగున్నప్పుడే చేసుకోవలసిన కాగితాలు

ఒంగోలు డివిజనులోని ఒక గ్రామం. మూడెకరాల మెట్ట, అందులో శనగ, కొంత పొగాకు. ఆసామికి డెబ్బై దాటాయి. మోకాళ్ల నొప్పులతో ఆఫీసుల చుట్టూ తిరగలేక రెండేళ్ల కిందట పెద్దకొడుకు పేర జీపీఏ రాసిచ్చాడు. తర్వాత ఆయనకు మెదడులో రక్తం గడ్డకట్టింది. ప్రాణం దక్కింది గానీ మనుషుల్ని గుర్తుపట్టడం లేదు. ఆసుపత్రి ఖర్చుకు అరెకరం అమ్ముదామని కొడుకు బేరం కుదుర్చుకున్నాడు. కొనేవాళ్ల వకీలు కాగితాలు చూసి ఒక్కటే ప్రశ్న వేశాడు. ‘‘మీ నాయన ఇప్పుడు తెలివిలో ఉన్నాడా?’’ లేడన్నాడు కొడుకు. ‘‘అయితే ఈ పవరు చెల్లదు’’ అంటూ కాగితాలు వెనక్కిచ్చాడు వకీలు.

‘‘ఆయన చేసుకోలేనప్పుడు పనికొస్తుందనే గదండీ రాయించుకుంది. తీరా అవసరమొచ్చాక చెల్లదంటే ఎట్టా?’’ అన్నది ఆ కొడుకు బాధ. ఈ సంగతి చాలామంది రైతులకు తెలియదు. అందుకే ఈ వారం దాని గురించి వివరంగా చెప్పుకుందాం.

పవరు ఎందుకు ఆగిపోతుంది?

జీపీఏ అంటే ‘నా తరఫున నువ్వు చెయ్యి’ అని ఒకరు ఇంకొకరికి ఇచ్చే అధికారం. కొడుకు పెట్టే సంతకం తండ్రి పెట్టినట్టే లెక్క. కాబట్టి తండ్రి తాను చేయగలిగిన పనినే కొడుకు చేత చేయించగలడు. మతి స్థిమితం లేని మనిషి ఒప్పందం చేసుకోలేడని చట్టం చెబుతోంది. ఆయనే చేయలేని పనిని ఆయన పేరు మీద మరొకరు చేయడానికి వీల్లేదు. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 201వ సెక్షను ప్రకారం అధికారం ఇచ్చిన మనిషి చనిపోయినా, మతి తప్పినా ఆ అధికారం ముగిసిపోతుంది.

ఇంగ్లండు, అమెరికా వంటి దేశాల్లో మతి తప్పిన తర్వాత కూడా నిలిచే పవరు రాసుకోవచ్చు. మన దేశంలో అటువంటి చట్టం లేదు. ‘నాకు తెలివి పోయినా ఇది చెల్లుతుంది’ అని దస్తావేజులో ఒక లైను కలిపి రాయించుకున్నా దాన్ని నమ్ముకోవడానికి లేదు. పవరు తీసుకున్న మనిషికి ఆ ఆస్తిలో సొంత హక్కో, రావలసిన బాకీయో ఉండి, దాని కోసమే పవరు ఇచ్చి ఉంటే 202వ సెక్షనులో మినహాయింపు ఉంది. తండ్రి ఆస్తి ముందు ముందు నాకే వస్తుంది గదా అనే ఆశ ఆ మినహాయింపు కిందికి రాదు.

చెయ్యి పడిపోవడం వేరు, మతి పోవడం వేరు

ఈ తేడా రైతులు గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. పక్షవాతంతో కాలూ చెయ్యీ పడిపోయినా మాట అర్థం చేసుకుని, అవును కాదు చెప్పగలిగితే ఆయన ఇచ్చిన పవరు చెల్లుతుంది. కొత్తగా దస్తావేజు కూడా రాసివ్వవచ్చు. సంతకం పెట్టలేకపోతే వేలిముద్ర చాలు. మంచం దిగలేని వాళ్ల కోసం సబ్‌రిజిస్ట్రారు ఇంటికి వచ్చి రిజిస్ట్రేషను చేసే ఏర్పాటు 1908 రిజిస్ట్రేషను చట్టంలోనే ఉంది. దీన్ని ఆఫీసుల్లో ప్రైవేటు అటెండెన్సు అంటారు. కారణం చూపి దరఖాస్తు పెట్టి, రుసుము కట్టాలి.

బ్యాంకులోనూ ఇంతే. ముసలివాళ్లు, జబ్బు మనుషులు వేలిముద్ర వేసి డబ్బు తీసుకోవచ్చు. చేతి వేలు కుదరకపోతే కాలి వేలిముద్ర అయినా ఫర్వాలేదు. ఇద్దరు సాక్షులు కావాలి, అందులో ఒకరు బ్యాంకు ఉద్యోగి అయి ఉండాలి. ఇది రిజర్వు బ్యాంకు నియమం. మేనేజరుకు ఈ మాట చెప్పి అడగండి.

మతిమరుపు జబ్బు ముదిరితేనో, కోమాలోకి వెళితేనో మాత్రం సంగతి వేరు. అక్కడ వేలిముద్ర పట్టుకుని వేయిస్తే అది మోసం కిందికి వస్తుంది. రేపు అన్నదమ్ముల్లో, ఆడపడుచుల్లో ఎవరు కోర్టుకెక్కినా ఆ కాగితం నిలవదు, పైగా కేసు మెడకు చుట్టుకుంటుంది.

ముందుగా చేసుకోదగినవి

అన్నిటికీ సరిపోయే కాగితం ఒక్కటంటూ లేదు. అవసరాన్ని బట్టి రెండు మూడు కలిపి పెట్టుకోవాలి.

1. ఉమ్మడి ఖాతా: రోజువారీ ఖర్చుకు ఇదే మేలైన దారి. భార్యాభర్తల పేర, లేదా నమ్మకమైన బిడ్డను కలుపుకుని ఖాతా తెరవండి. ‘ఇద్దరిలో ఎవరైనా, లేదా బతికున్నవారు’ అనే పద్ధతి రాయించండి. ఒకరు మంచాన పడినా రెండోవారు సొమ్ము తీసుకోవచ్చు. నామినీ పేరు రాయించాం గదా అని ఊరుకోవద్దు. నామినీకి డబ్బు వచ్చేది ఖాతాదారు పోయిన తర్వాతే. జబ్బు పడినప్పుడు నామినేషను అక్కరకు రాదు.

2. పరిమితమైన పవరు: తిరగలేని పెద్దలకు ఇది పనికొస్తుంది. అయితే ‘సమస్త అధికారాలు’ అని రాసివ్వకండి. శిస్తు కట్టడం, సర్వేకు హాజరవడం, సొసైటీలో ఎరువులు తేవడం, కోర్టు వాయిదా చూడడం అంటూ పని పేరే రాయించండి. అమ్మే అధికారం, తాకట్టు పెట్టే అధికారం అవసరమైతే తప్ప చేర్చవద్దు. రిజిస్ట్రేషనుకు దస్తావేజు దాఖలు చేసే పవరు అయితే, ఇచ్చే మనిషి నివాసముండే పరిధిలోని సబ్‌రిజిస్ట్రారు ఎదుట రాసి ధ్రువీకరణ పొందాలి. నోటరీ ముద్రతో సరిపెట్టుకోవద్దు. ఇచ్చిన పవరును రద్దు చేసే హక్కు మీకుంది. రద్దు చేస్తే ఆ సంగతి పవరు తీసుకున్నవాడికి రాతపూర్వకంగా తెలియజేయాలి.

3. వీలునామా: తెల్ల కాగితం మీద రాసుకున్నా చెల్లుతుంది, స్టాంపు అక్కర్లేదు. ఇద్దరు సాక్షులు తప్పనిసరి. రిజిస్టరు చేయిస్తే తగాదాలు తగ్గుతాయి. తెలివి ఉన్నంత కాలం ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు. కానీ వీలునామా పనిచేసేది మనిషి పోయాకే. మంచంలో ఉన్న రోజులకు అది మందు కాదు.

4. షరతుతో గిఫ్టు దస్తావేజు: పొలం బిడ్డలకు ముందే రాసిద్దామనుకుంటే రెండు మాటలు తప్పకుండా రాయించండి. బతికున్నంత కాలం ఫలసాయం మాదేనన్నది ఒకటి. తిండి, బట్ట, వైద్యం చూడాలన్న షరతు రెండోది. 2007లో వచ్చిన తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం 23వ సెక్షను ప్రకారం, ఈ షరతు తప్పితే ఆ దస్తావేజు చెల్లదని ట్రిబ్యునలు ప్రకటించవచ్చు. ఆర్డీవో దగ్గర అర్జీ పెట్టుకోవాలి. షరతు రాయకపోతే వాదించి నెగ్గడం కష్టం. ఉన్నదంతా ఒకేసారి రాసివ్వకుండా ఎకరమో అరెకరమో మీ పేర ఉంచుకోవడం మంచిది.

ఇవన్నీ చేసే రోజున ‘మతి స్థిమితం బాగుంది’ అని డాక్టరు చేత సర్టిఫికెట్టు రాయించి భద్రపరచుకోండి. తర్వాత ఎవరైనా ‘ముసలాయనకు తెలివి లేనప్పుడు రాయించుకున్నారు’ అంటే అదే అడ్డుపడుతుంది.

ఇప్పటికే మతి తప్పి ఉంటే?

పాత పవరుతో అమ్మకం చేయకండి. కొన్నవాడూ మునుగుతాడు, మీరూ మునుగుతారు. 209వ సెక్షను ప్రకారం పవరు ముగిసినా, పెద్దాయన ఆస్తికి నష్టం రాకుండా తగిన జాగ్రత్త తీసుకోవలసిన బాధ్యత పవరుదారుడి మీద ఉంది. ఆ పేరు చెప్పి ఆస్తి అమ్మడం మాత్రం కుదరదు.

మతి చెడిన వారి ఆస్తికి జిల్లా కోర్టు ద్వారా మేనేజరును వేయించుకునే పద్ధతి 1987 మానసిక ఆరోగ్య చట్టంలో ఉండేది. దాని స్థానంలో వచ్చిన 2017 చట్టంలో ఆ ఏర్పాటు లేదు. కొత్త చట్టం కింద నామినేటెడ్ ప్రతినిధిని రాసిపెట్టుకోవచ్చు గానీ, ఆయన అధికారం మానసిక వైద్యం వరకే, పొలం మీద కాదు. అందుకని కోమాలో ఉన్నవాళ్ల కుటుంబాలు హైకోర్టులో రిట్ వేసి సంరక్షకుడిగా నియమించమని అడుగుతున్నాయి. 2019లో కేరళ హైకోర్టు ఇలాంటి కేసులకు పద్ధతులు ఏర్పరచింది. దీనికి డాక్టరు నివేదికలు కావాలి, మిగతా వారసుల సంగతీ కోర్టు చూస్తుంది. ఖర్చూ ఉంటుంది, కాలమూ పడుతుంది. ఆసుపత్రి బిల్లు మాత్రం అన్నాళ్లు ఆగదు.

ఎవర్ని అడగాలి?

వకీలు ఫీజు భరించలేని వాళ్లు జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి. ఆడవాళ్లకు, ఎస్సీ ఎస్టీలకు, వికలాంగులకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు. మిగతావారికి ఆదాయ పరిమితి ఉంటుంది. 15100 నంబరుకు ఫోను చేసినా సలహా చెబుతారు. వృద్ధుల కోసం 14567 నంబరు ఉంది.

మన ఇళ్లలో ఈ మాట ఎత్తితే ‘నేనింకా పోలేదురా’ అని పెద్దలు నొచ్చుకుంటారు. అందుకని బిడ్డలు నోరు మెదపరు. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోమన్నారు గదా. పెద్దలే ముందుగా ఆ మాట తియ్యాలి. శనగ కోతలయ్యి చేతులు కాస్త ఖాళీ అయ్యాక ఒక పూట అందర్నీ కూర్చోబెట్టండి. ఆడపిల్లల్నీ పిలవండి. పాసుపుస్తకం, దస్తావేజులు, బ్యాంకు, సొసైటీ బాకీ కాగితాలు ఎక్కడున్నాయో ముందు చూపించండి. ఏ పని ఎవరు చూడాలో మీ నోటితోనే చెప్పి, ఆ తర్వాత రాయించండి.