క్వార్టర్ మారింది... ఓటు మారిందా?

ఉక్కు నగరం భిలాయిలో ఇల్లు ఉద్యోగంతోపాటు వస్తుంది, ఉద్యోగంతోపాటే పోతుంది. ఓటు అలా కాదు. మనం కదిపితేనే కదులుతుంది. అందుకు ఆఫీసుల చుట్టూ తిరగాల్సిన రోజులు పోయాయి. కావలసిందల్లా కాస్త శ్రద్ధ.

భిలాయి టౌన్‌షిప్‌లో చిరునామా అంటే సెక్టారు, స్ట్రీటు, క్వార్టరు నంబరు. ఉద్యోగంలో చేరిన కొత్తలో చిన్న క్వార్టరు, ప్రమోషన్ వచ్చాక పెద్దది, రిటైరయ్యాక తాళాలు అప్పగించడం. ఆపైన కొందరు వైశాలీనగర్ వైపు ఇల్లు కట్టుకుంటారు. కొందరు పిల్లల దగ్గరికి హైదరాబాదో విశాఖో చేరతారు. సామాను లారీ ఎక్కుతుంది, గ్యాస్ కనెక్షన్ మారుతుంది, బ్యాంకులో చిరునామా మారుతుంది. ఓటర్ల జాబితాలో పేరు మాత్రం ఖాళీ చేసిన క్వార్టర్లోనే ఉండిపోతుంది.

ఉండిపోతే ఏమవుతుందో 2025 చివర్లో ఛత్తీస్‌గఢ్ చూసింది. నవంబరు 4న ఓటర్ల జాబితా ప్రత్యేక సమగ్ర సవరణ మొదలైంది. బూత్ స్థాయి అధికారులు ఇంటింటికీ ఫారాలు పంచారు. డిసెంబరు 23న ముసాయిదా జాబితా వచ్చేసరికి రాష్ట్రంలో సుమారు 27 లక్షల పేర్లు అందులో లేవు. వాటిలో చనిపోయినవారివి 6 లక్షల పైచిలుకు. మకాం మార్చినవారు, ఇచ్చిన చిరునామాలో కనిపించనివారు 19 లక్షలకు పైనే. మరణం కన్నా మకాం మార్పే ఎక్కువ పేర్లను జాబితా దాటించింది. క్వార్టర్లలో బతికే ఊరికి ఇంతకన్నా సూటిగా తగిలే లెక్క ఉండదు.

ఆ ఓట్ల విలువ తెలియాలంటే దూరం వెళ్లక్కర్లేదు. 2023 శాసనసభ ఎన్నికల్లో భిలాయి నగర్ ఫలితాన్ని తేల్చిన తేడా 1,264 ఓట్లు. నాలుగు వీధులవాళ్లు జాబితాలో ఉన్నారా లేరా అన్నదాని మీద ఒక ఎమ్మెల్యే ఎవరో తేలిపోగల తేడా అది.

ఊరి ఓటా? ఉన్నచోటి ఓటా?

సోవియట్ యూనియన్‌తో 1955లో కుదిరిన ఒప్పందంతో ఇక్కడ ఉక్కు కర్మాగారం పుట్టింది. 1959 ఫిబ్రవరి 4న మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను రాష్ట్రపతి రాజేంద్ర ప్రసాద్ ప్రారంభించారు. ఆ పనికోసం శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపు నుంచి మనవాళ్లు రైలెక్కి వచ్చారు. ఈ రోజుకీ ఖుర్సీపార్ వీధుల్లో, సెక్టార్ 5 బాలాజీ గుడి దగ్గర తెలుగు ధారాళంగా వినిపిస్తుంది. మూడో తరం కూడా ఓటు వయసుకు వచ్చేసింది.

అయినా చాలా ఇళ్లలో ఒక మాట తెగదు. ఊళ్లో ఇల్లుంది, పొలముంది, ఓటు కూడా అక్కడే ఉంటే మర్యాద అని పెద్దల ఆలోచన. ఆ మమకారాన్ని తప్పుపట్టలేం. కానీ చట్టం చూసేది మనిషి సాధారణంగా ఎక్కడ నివసిస్తున్నాడన్నది. ఇల్లు సొంతమైనంత మాత్రాన అక్కడి నివాసి కాడని 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం 20వ సెక్షన్ స్పష్టంగానే చెబుతోంది. ఇక్కడొకటి, అక్కడొకటి పెట్టుకోవడానికి 17, 18 సెక్షన్లు ఒప్పుకోవు. తెలిసి అబద్ధపు ప్రకటన ఇస్తే ఏడాది వరకు జైలుశిక్ష పడవచ్చు.

అంతకన్నా పెద్ద కారణం మరొకటుంది. కుళాయిలో నీళ్లు రాకపోతే, వీధి దీపం వెలగకపోతే, పిల్లల బడికి టీచరు లేకపోతే మనం అడగవలసింది ఇక్కడి ప్రతినిధినే. ఇక్కడ ఓటు లేనివాడి మాటకు ఆ గుమ్మంలో బరువు తక్కువ. ఊరి మీద ప్రేమను పండక్కి వెళ్లి తీర్చుకుందాం. ఓటు మాత్రం బతుకుతున్నచోట వేద్దాం.

పేరు దగ్గరే పేచీ

తొలి సార్వత్రిక ఎన్నికల ముందు ఉత్తరాది రాష్ట్రాల్లో ఎందరో స్త్రీలు తమ పేరు చెప్పకుండా ఫలానావారి భార్య, ఫలానావారి కూతురు అని రాయించుకున్నారు. అలాంటివి చెల్లవని నాటి ప్రధాన ఎన్నికల కమిషనర్ సుకుమార్ సేన్ నిర్ణయించడంతో సుమారు 28 లక్షల మంది స్త్రీలు జాబితాకు దూరమయ్యారు. సొంత పేరు సరిగ్గా నమోదు కావడం ఎంత ముఖ్యమో చెప్పే చరిత్ర ఇది.

మన పేచీ మరోలా ఉంటుంది. పదో తరగతి సర్టిఫికెట్లో ఇంటిపేరు ముందు, ఆధార్‌లో వెనక, పాత ఓటరు కార్డులో పొడి అక్షరం. పైగా ఎన్నికల సంఘం పోర్టల్లో ఇంగ్లిషులో పేరు టైపు చేయగానే పక్కన హిందీలో అదే పడిపోతుంది. తెలుగు ఇంటిపేర్లు అక్కడ తరచు వంకర్లు పోతాయి. ఆ హిందీ గడిని మనమే సరిచేయొచ్చు. హిందీ బాగా వచ్చిన పిల్లల చేత ఒకసారి చదివించి, ఆ తర్వాతే ముందుకు వెళ్లాలి.

ఏ పనికి ఏ ఫారం

ఎన్నికల సంఘం అధికారిక పోర్టల్ వోటర్స్ డాట్ ఈసీఐ డాట్ గవ్ డాట్ ఇన్. ఫోన్ నంబరుతో ఖాతా తెరవాలి. ఆధార్‌తో ఈ-సైన్ అడిగినప్పుడు ఓటీపీ ఆధార్‌కు ముడిపడిన నంబరుకే వస్తుంది కాబట్టి ఆ సిమ్ దగ్గర ఉండాలి.

కొత్తగా ఓటు కావలసినవారికి ఫారం 6. పాస్‌పోర్టు మీద విదేశాల్లో ఉంటున్న మన పౌరులకు 6ఏ. పేరు తొలగింపునకు, అభ్యంతరానికి ఫారం 7. ఇల్లు మారినా, తప్పు దిద్దుకోవాలన్నా, కార్డు పోయినా ఫారం 8. క్వార్టర్ మారినవారికి కావలసింది ఇదే. నియోజకవర్గం మారినా సరే, మళ్లీ ఫారం 6 పెట్టకూడదు. పెడితే రెండు ఓట్ల చిక్కు వస్తుంది.

పద్దెనిమిదేళ్లు నిండినవారు ఒకప్పుడు జనవరి 1 కోసం చూడాల్సి వచ్చేది. 2021లో చట్టం మారాక ఏప్రిల్ 1, జూలై 1, అక్టోబరు 1 కూడా అర్హత తేదీలయ్యాయి. పదిహేడు నిండినవారు ముందుగానే దరఖాస్తు పెట్టుకోవచ్చు. హాస్టల్లో ఉండి చదివే విద్యార్థి ఇంటి దగ్గరైనా, కాలేజీ ఊళ్లోనైనా నమోదు కావచ్చు. రెండింట్లో ఒకచోటే.

ఆన్‌లైన్ చేతకానివారు వీధిలోని ఆన్‌లైన్ సేవల కేంద్రానికి, అంటే చాయిస్ సెంటర్‌కు, వెళ్తే తప్పులేదు. కానీ నమోదుకు ప్రభుత్వం రుసుమేమీ తీసుకోదు. ఓటీపీ చెప్పమని ఫోన్లో అడిగేవారిని నమ్మవద్దు. సందేహం వస్తే 1950కి ఫోన్ చేయండి.

బటన్ నొక్కగానే అయిపోదు

దరఖాస్తు పంపగానే ఒక రిఫరెన్స్ నంబరు వస్తుంది. చాలామంది అక్కడితో పని ముగిసిందనుకుంటారు. నిజానికి ఆ తర్వాత బూత్ స్థాయి అధికారి విచారణ ఉంటుంది, అభ్యంతరాలకు గడువు ఉంటుంది, ఆపై నమోదు అధికారి నిర్ణయం. ఆ నంబరుతో ప్రతి మెట్టూ పోర్టల్లో చూసుకోవచ్చు. తిరస్కరిస్తే జిల్లా ఎన్నికల అధికారికి పదిహేను రోజుల్లో అప్పీలు చేసుకునే హక్కుంది.

2018 డిసెంబరు 7న తెలంగాణ ఎన్నికల్లో బ్యాడ్మింటన్ క్రీడాకారిణి గుత్తా జ్వాల ఓటు వేయబోతే జాబితాలో పేరు లేదు. ఆ రోజు పేర్లు గల్లంతైన ఓటర్లకు నాటి ప్రధాన ఎన్నికల అధికారి రజత్ కుమార్ క్షమాపణ చెప్పారు. క్షమాపణ వచ్చింది కానీ ఆ రోజు ఓటు తిరిగి రాలేదు. నామినేషన్ల చివరి తేదీ దాటాక కొత్త పేర్లు చేర్చడానికి చట్టం ఒప్పుకోదు. కాబట్టి జాబితాలో పేరు వెతుక్కోవలసింది పోలింగ్ రోజున కాదు, ఎన్నికల ఊసు లేనప్పుడే.

గుడి ముందు ఒక బల్ల

పోర్టల్ ఉన్నంత మాత్రాన అందరికీ అందినట్టు కాదు. రిటైరైన కార్మికుడికి ఫోనుంటుంది కానీ ఫారం భయపెడుతుంది. పెళ్లయి ఆంధ్ర నుంచి వచ్చిన కోడలికి ఏ కాగితం చూపాలో తెలియదు. మనవరాలికి అన్నీ తెలుసు, అడిగేవాళ్లే లేరు. ఈ ముగ్గురినీ ఒకచోట కూర్చోబెట్టగలిగేవి మన సంఘాలే. వినాయక చవితి పందిట్లో, ఉగాది సభలో, ఆదివారం గుడి దగ్గర ఒక బల్ల, ఒక ల్యాప్‌టాప్, కాలేజీ పిల్లలు ఇద్దరు చాలు. ఏ పార్టీ జెండా ఆ బల్ల మీద ఉండకూడదు. ఎవరికి ఓటేస్తారని అడగకూడదు. జనవరి 25 జాతీయ ఓటర్ల దినోత్సవం ఏటా వస్తుంది, మొదలుపెట్టడానికి అదొక మంచి రోజు.

కొలిమి ముందు చెమటోడ్చి ఈ నగరాన్ని నిలబెట్టినవారిలో మనవాళ్లు మొదటి నుంచీ ఉన్నారు. ఈ ఊరి నిర్ణయాల్లో కూడా ఉండాలి. క్వార్టర్ తాళాలు అప్పగించే రోజునే ఫారం 8 పెట్టడం ప్రతి ఇంటా అలవాటు కావాలి. ఈ ఆదివారమే పోర్టల్ తెరిచి, ఇంట్లో పద్దెనిమిది దాటిన ప్రతి ఒక్కరి పేరూ ఉందో లేదో చూడండి. లేకపోతే ఆ పూటే దరఖాస్తు పెట్టండి.