మీకు తెలుసా? మరుగునపడ్డ ఫ్రెంచి ఒపెరాలను బతికించడంలో శ్రోతలది పెద్ద వాటా!

19వ శతాబ్దపు పారిస్‌లో ఒపెరా అంటే జనం విరగబడేవాళ్లు. ఏటా కొత్తవి వచ్చేవి, వందల ప్రదర్శనలు ఆడేవి. వాటిలో ఇవాళ ప్రపంచమంతా తరచుగా ఆడుతున్నవి మాత్రం కొన్నే: బిజే 'కార్మెన్', గునో 'ఫౌస్ట్', మాస్నే 'మనోన్' వంటివి. మిగతావి చాలావరకు స్వరలిపి కట్టలుగా గ్రంథాలయాల బీరువాల్లో ఉండిపోయాయి. ఒపెరా పాడితేనే ఒపెరా. కాగితం మీద ఉన్నంతసేపూ దానికి గొంతు లేదు. అలాంటి కొన్నిటికి మళ్లీ గొంతు వచ్చిందంటే అందులో శ్రోతల వాటా చాలా పెద్దది. రేడియోలో ఒక్కసారి వచ్చినదాన్ని పట్టి దాచినవాళ్లు, రికార్డులు తోటివాళ్లకు పంచినవాళ్లు, ఊళ్లో నలుగురినీ కూర్చోబెట్టి వినిపించినవాళ్లు లేకపోతే ఈ కథ ఇలా సాగేది కాదు. వాళ్లు చేసిన మేలు ఎంతటిదో చూడండి.

టెలిఫోన్‌లో ఒపెరా

ఒపెరాను దూరం నుంచి వినే అలవాటు రేడియో కంటే పాతది. రేడియో పుట్టకముందే పారిస్‌లో ఒపెరా ప్రత్యక్ష ప్రసారం జరిగింది. 1881లో అక్కడ ఏర్పాటైన విద్యుత్ ప్రదర్శన కోసం క్లెమాన్ ఆదేర్ అనే ఇంజినీరు ఒపెరా వేదిక ముందు అంచున కుడివైపు కొన్ని, ఎడమవైపు కొన్ని మైకులు అమర్చాడు. వాటి తీగలను రెండు కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న ప్రదర్శనశాల దాకా లాగాడు. అక్కడ జనం వరుసకట్టి, రెండు చెవులకూ రెండు రిసీవర్లు ఆనించుకుని విన్నారు. గాయకుడు వేదిక మీద నడుస్తుంటే గొంతు కూడా ఒక చెవి వైపు నుంచి రెండో చెవి వైపు జరిగేది. ఇవాళ మనం స్టీరియో అంటున్నది అదే. 1890లో దీన్ని 'తెయాత్రోఫోన్' పేరుతో ఒక కంపెనీ నడపడం మొదలుపెట్టింది. పెట్టెలో 50 సాంతీముల నాణెం వేస్తే ఐదు నిమిషాలు వినొచ్చు. ఉబ్బసంతో ఇల్లు కదల్లేని నవలాకారుడు మార్సెల్ ప్రూస్ట్ 1911లో దీనికి చందా కట్టి, డెబ్యుస్సీ ఒపెరా 'పెలెయాస్ ఎ మెలిసాండ్'ను ఇంట్లోనే విన్నాడు. ఈ సేవ 1932 దాకా నడిచింది.

మైనంలో నిలిచిన గొంతు

న్యూయార్క్ మెట్రోపాలిటన్ ఒపెరాలో లయొనెల్ మేపుల్సన్ గ్రంథాలయాధికారి. 1900లో ఆయన ఒక ఎడిసన్ ఫోనోగ్రాఫ్ కొన్నాడు. 1901 నుంచి 1904 వరకు ప్రదర్శన జరుగుతుండగానే, చాలావరకు వేదిక పైన ఎత్తులో ఉన్న నడకదారి నుంచి పెద్ద గొట్టం కిందికి సాచి, మైనపు సిలిండర్ల మీద పాటలు పట్టాడు. ఒక్కో సిలిండర్‌లో పట్టేది రెండు నిమిషాల పాటే. పాట మధ్యలో మొదలవుతుంది, మధ్యలో తెగిపోతుంది. గరగరల వెనక దూరంగా ఒక గొంతు పైకి లేస్తుంది, ఆ వెంటనే చప్పట్లు. మేయర్‌బీర్ ఒపెరాలు 'లే హ్యూగెనో', 'లాఫ్రికేన్' ముక్కలు వాటిలో ఉన్నాయి. ఆ కాలంలో ఎదురులేని గాయకుడు జాన్ ద రెష్కే గొంతు ఇవాళ మనకు వినపడేది ఈ సిలిండర్లలోనే. 1930ల చివర్లో విలియం సెల్ట్సమ్ అనే రికార్డుల సేకర్త వీటిని డిస్కులుగా మార్చి తోటి సేకర్తలకు అందించాడు. 1985లో న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీ ఎల్పీల సెట్టుగా తెచ్చింది.

నూరేళ్లు తాళం పడ్డ పాటలు

1907 డిసెంబరు 24న పారిస్ ఒపెరా భవనం నేలమాళిగలో ఒక వింత వేడుక జరిగింది. గ్రామఫోన్ కంపెనీ తరఫున ఆల్ఫ్రెడ్ క్లార్క్ ఇచ్చిన 24 డిస్కులను లోహపు పాత్రల్లో పెట్టి సీలు వేశారు. ఒక డిస్కు ఇంకోదానికి తగలకుండా మధ్యమధ్య గాజు ముక్కలు పెట్టారు. నూరేళ్ల దాకా తెరవకూడదని షరతు. 1912లో ఇంకొన్ని డిస్కులు, వాటితోపాటు వాయించుకోవడానికి ఒక గ్రామఫోను కూడా చేర్చారు. 1989లో చూస్తే ఒక పాత్ర తెరిచి ఉంది, గ్రామఫోను మాయమైంది. దాంతో మిగతావాటిని ఫ్రాన్స్ జాతీయ గ్రంథాలయానికి తరలించారు. నూరేళ్ల గడువు తీరాక వాటిని జాగ్రత్తగా తెరిచి డిజిటల్ రూపంలోకి మార్చారు. 2009లో సీడీలుగా కూడా వచ్చాయి. భవిష్యత్తు శ్రోతకు పాట దాచిపెట్టాలన్న ఆలోచన అంత పాతది.

'అమ్మకానికి కాదు' అని రాసిన రికార్డులు

న్యూయార్క్‌లో ఎడ్వర్డ్ జె. స్మిత్ అనే అభిమాని 1956లో 'గోల్డెన్ ఏజ్ ఆఫ్ ఒపెరా' పేరుతో సొంతంగా ఎల్పీలు వేయడం మొదలుపెట్టాడు. రేడియోలో ఒక్కసారి వచ్చి పోయిన ప్రదర్శనలు, నాటకశాలల్లో పట్టిన టేపులు వాటిలో ఉండేవి. లేబుల్ మీద 'ప్రైవేటు రికార్డు, అమ్మకానికి కాదు' అని ఉండేది, డిస్కులు మాత్రం చందాదారులకు పోస్టులో వెళ్లేవి. పెద్ద కంపెనీలు ముట్టుకోని ఒపెరాలను ఎంతోమంది మొదటిసారి విన్నది అలాంటి డిస్కుల్లోనే. ఒక చిక్కు మాత్రం ఉంది. గాయకుల పేర్లు, తేదీలు చాలాచోట్ల తప్పు, కొన్ని కావాలనే మార్చినవి. ఆ ముడులు విప్పి, ఏ డిస్కులో ఎవరు ఎప్పుడు పాడారో తేల్చడానికి పరిశోధకులు ఏకంగా ఒక పెద్ద గ్రంథమే రాయాల్సి వచ్చింది. అది 1994లో అచ్చయింది.

రికార్డులు వినే బృందం నుంచి ఉత్సవం దాకా

ఐర్లండ్‌లోని వెక్స్‌ఫర్డ్ చిన్న రేవు పట్నం. అక్కడ టామ్ వాల్ష్ అనే డాక్టరు, ఆయన స్నేహితులు కలిసి ఒపెరా అధ్యయన బృందం పెట్టుకున్నారు. 1950లో ఆ బృందం తొలి ఉపన్యాసానికి 'గ్రామఫోన్' పత్రిక వ్యవస్థాపకుడు కాంప్టన్ మెకెంజీ వచ్చాడు. ఎంతకాలం ఇలా రికార్డులు వింటూ కూర్చుంటారు, మీ ఊళ్లో థియేటరు ఉందిగా, మీరే ఒక ఒపెరా వేయండి అని ఉత్సాహపరిచాడు. మరుసటి ఏడాదే, 1951లో, వెక్స్‌ఫర్డ్ ఉత్సవం మొదలైంది. ఎవరూ ఆడని ఒపెరాలు ఆడటానికే ఇవాళ దానికి పేరు. మాస్నే 'ఎరోదియాద్' 1977లో, ఫెలిసియన్ డేవిడ్ 'ఎర్క్యులానమ్' 2016లో ఇక్కడ వేదికెక్కాయి. ఇక్కడి ప్రదర్శనలను ఐర్లండ్ జాతీయ రేడియో ప్రసారం చేస్తూ వచ్చింది. అలా ఆ చిన్న ఊరి పాట దూరదేశాల వాళ్ల ఇళ్లకూ చేరింది.

రెండు శతాబ్దాలు ఆగిన రామో

ఝాన్ ఫిలిప్ రామో చివరి ఒపెరా 'లే బొరెయాద్'. 1763లో రిహార్సళ్లు జరిగాయి, ప్రదర్శన మాత్రం జరగలేదు. మరుసటి ఏడాది రామో కన్నుమూశాడు. ఆయన పోయి సరిగ్గా 200 ఏళ్లు నిండిన 1964లో ఫ్రెంచి రేడియో దాన్ని పాడించి ప్రసారం చేసింది. 1975లో జాన్ ఎలియట్ గార్డినర్ లండన్‌లో కచేరీగా వినిపించాడు. ఆయన చేతి మీదుగానే 1982లో ఎక్స్-అన్-ప్రోవాన్స్ ఉత్సవంలో అది పూర్తి రంగాలంకరణతో వేదికెక్కింది. వరుస గమనించండి: ముందు రేడియో, తర్వాత కచేరీ, ఆ తర్వాతే నాటకశాల. అరుదైన ఒపెరాలు చాలావాటికి దారి ఇదే. ఆర్కెస్ట్రా, గాయకులు ఉంటే రేడియోకు చాలు. దుస్తులు, తెరలు, దృశ్యాలు అక్కర్లేదు కాబట్టి ఖర్చు తక్కువ, సాహసం సులువు.

మిత్రుడి జ్ఞాపకంలో దక్కిన 'గెర్‌కర్'

ఆల్బెరిక్ మాన్యార్ స్వరకర్త. మొదటి ప్రపంచయుద్ధం మొదలైన కొత్తలో, 1914 సెప్టెంబరులో, పారిస్‌కు ఉత్తరాన బారన్ అనే ఊళ్లోని తన ఇంటి మీదికి వచ్చిన జర్మన్ సైనికులపై కాల్పులు జరిపాడు. వాళ్లు ఇంటికి నిప్పుపెట్టారు. మాన్యార్ చనిపోయాడు. ఆయన ఒపెరా 'గెర్‌కర్' మొదటి, మూడో అంకాల ఆర్కెస్ట్రా స్వరలిపి ఆ మంటల్లో బూడిదైంది. మిగిలింది పియానో కోసం అచ్చయిన ప్రతి. మిత్రుడు గీ రోపార్ట్స్ 1908లో నాన్సీలో మూడో అంకాన్ని తానే నడిపించి ఉన్నాడు. ఏ చోట ఏ వాద్యం పలికిందో గుర్తు తెచ్చుకుంటూ, పియానో ప్రతిని పక్కన పెట్టుకుని, పోయిన రెండంకాలనూ ఆయన మళ్లీ రాశాడు. 1931లో పారిస్ ఒపెరా దాన్ని ఆడింది. ఆ తర్వాత దశాబ్దాల మౌనం. 1986లో తులూజ్‌లో మిషెల్ ప్లాసాన్ దాన్ని రికార్డు చేశాడు. ఒపెరాను చూసే వీల్లేని ఏళ్లలో అభిమానుల చేతుల్లో తిరిగింది ఆ రికార్డే. 2019లో జర్మనీలోని ఓస్నాబ్రుక్‌లో, 2024లో ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బూర్‌లో 'గెర్‌కర్' మళ్లీ వేదికెక్కింది.

179 ఏళ్లు ఆలస్యమైన తొలి ప్రదర్శన

ఇటలీవాడైన డోనిజెట్టి పారిస్ కోసం 1839లో ఫ్రెంచిలో 'లాంజ్ ద నిజీదా' రాశాడు. ఆడాల్సిన థియేటరు దివాలా తీసింది. ఆయన అందులోని సంగీతాన్ని చాలావరకు 'లా ఫావొరిత్' ఒపెరాలోకి మళ్లించాడు. మిగిలిన స్వదస్తూరీ కాగితాలు చెల్లాచెదురయ్యాయి. కాందిదా మాంతికా అనే పరిశోధకురాలు ఏళ్ల తరబడి శ్రమించి, పారిస్‌లోని జాతీయ గ్రంథాలయంలో ఉన్న సుమారు 470 పుటలను వరుసలో పేర్చింది. 2018లో లండన్‌లో అది తొలిసారి వినపడింది. రికార్డు చేసింది 'ఒపెరా రారా' సంస్థ. 1970లో దాన్ని స్థాపించిన పాట్రిక్ ష్మిడ్, డాన్ వైట్ ఇద్దరూ మరుగునపడ్డ ఒపెరాలంటే పడిచచ్చే అభిమానులే.

చిత్తోడ్ నుంచి పారిస్‌కు, పారిస్ నుంచి సినిమాకు

సంజయ్ లీలా భన్సాలీ 'పద్మావత్' సినిమా 2018లో వచ్చింది. సరిగ్గా పదేళ్ల ముందు, 2008లో, ఆయన పారిస్‌లోని షాత్లే థియేటర్‌లో ఒక ఫ్రెంచి ఒపెరాకు దర్శకత్వం వహించాడు. దాని పేరు 'పద్మావతి'. స్వరపరిచింది ఆల్బెర్ రూసెల్. నౌకాదళంలో పనిచేసి సంగీతంలోకి వచ్చిన ఆయన 1909లో భార్యతో భారతదేశం తిరిగి, చిత్తోడ్ కోట చూసి వెళ్లాడు. ఒపెరా 1923లో పారిస్‌లో మొదటిసారి ఆడింది. దీన్ని కూడా రికార్డుకెక్కించినవాడు తులూజ్ ప్లాసానే.

గోల్కొండ రాణి ఆలీన్

ఇది మనవాళ్లకు మరీ దగ్గరి కథ. 1761లో బూఫ్లేర్ అనే ఫ్రెంచి రచయిత గోల్కొండ రాణి కథ ఒకటి రాశాడు. ఫ్రాన్స్ పల్లెలో పాలమ్మే పిల్ల ఆలీన్ ఎన్నో మలుపులు తిరిగి గోల్కొండకు రాణి అవుతుంది. పుట్టిన ఊరి మీద బెంగతో రాజ్యంలోనే అచ్చం అలాంటి పల్లెను కట్టించుకుంటుంది. తొలిప్రేమికుడు అక్కడికే వస్తాడు. వజ్రాల వల్ల గోల్కొండ పేరు యూరప్‌లో అప్పటికే మారుమోగుతోంది. 1766లో మొన్సిన్యీ, 1803లో బెర్తోన్, 1804లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో బ్వాల్‌ద్యూ ఈ కథను ఫ్రెంచి ఒపెరాగా మలిచారు. 1828లో డోనిజెట్టి ఇటాలియన్‌లో రాశాడు. ఈ చివరిదాన్ని 1987లో ఇటలీలోని రవెన్నాలో మళ్లీ ఆడారు. అప్పటి రికార్డింగు ఉంది కాబట్టే గోల్కొండ రాణి పాట మనకూ వినపడుతోంది.

ఫ్రెంచి ఒపెరాలో కూచిపూడి

ఫెలిసియన్ డేవిడ్ 'లల్లా రూఖ్' 1862లో పారిస్‌ను ఊపేసి, తర్వాత అటకెక్కింది. మూలకథ థామస్ మూర్ ఇంగ్లీషు కావ్యం. ఔరంగజేబు కూతురు పెళ్లికని ఢిల్లీ నుంచి కశ్మీరుకు వెళ్తూ, దారిలో ఒక గాయకుణ్ని ప్రేమిస్తుంది. చివరికి ఆ గాయకుడే మారువేషంలో ఉన్న పెళ్లికొడుకని తెలుస్తుంది. 2013లో వాషింగ్టన్‌లో 'ఒపెరా లఫాయెట్' బృందం దీన్ని మళ్లీ ఆడినప్పుడు నృత్యభాగాలు చేసింది అనురాధా నెహ్రూ కూచిపూడి బృందం 'కళానిధి'. కూచిపూడి అగ్రహారాన్ని కళాకారుల కుటుంబాలకు ఇచ్చింది గోల్కొండ సుల్తాను తానీషా అని మనకు పరంపరగా వస్తున్న మాట. ఆ తానీషా నుంచి 1687లో గోల్కొండను గెలుచుకున్నది ఔరంగజేబు. ఆయన కూతురి కథగా ఫ్రెంచివాడు కట్టిన ఒపెరాలో, అమెరికా రాజధానిలో, మన కృష్ణా జిల్లా నాట్యం అడుగుపెట్టింది. ఆ ఒపెరా నక్సోస్ సంస్థ రికార్డుగా దొరుకుతుంది.

ఇప్పుడు వినాలంటే

2009లో వెనిస్‌లో మొదలైన పాలాజెత్తో బ్రూ జానే కేంద్రం 19వ శతాబ్దపు ఫ్రెంచి సంగీతం కోసమే పనిచేస్తోంది. అది తెచ్చే ఒపెరాలు పుస్తకం, డిస్కులు కలిపి వస్తాయి. సాహిత్యమంతా ఫ్రెంచిలో, పక్కనే ఇంగ్లీషులో ఉంటుంది. దానికి సొంత ఇంటర్నెట్ రేడియో కూడా ఉంది. కొత్తగా వినేవాళ్లు 'లల్లా రూఖ్'తో మొదలుపెడితే బాగుంటుంది. రాగాలు ఇట్టే పట్టుబడతాయి, కథ మనకు పరాయిది కాదు.

విన్నది నచ్చితే నలుగురికీ చెప్పండి. పాత ప్రసారం ఏదైనా పంచుకుంటే తేదీ, ఊరు, పాడినవాళ్ల పేర్లు, వాయించిన బృందం పేరు తప్పకుండా రాసి పంపండి. ఎడ్వర్డ్ స్మిత్ డిస్కుల ముడులు విప్పడానికి ఒక గ్రంథం కావాల్సి వచ్చింది. వివరాలు సరిగ్గా ఉంటే ఆ పాటను మళ్లీ వేదికెక్కించాలనుకునే వాళ్లకు సగం పని చేసిపెట్టినట్టే.