రంగు పోతే చాలదు.. విషమూ పోవాలి
అద్దకం నీటిపై సూక్ష్మజీవుల పని

మంగళగిరి: నిజాం అంచు చీరలకు పేరుగాంచిన మంగళగిరిలో నూలు చిలపలకు రంగులు అద్దిన తరువాత మిగిలే నీటిని ఏం చేయాలన్నది చేనేతను అంటిపెట్టుకుని ఉన్న ప్రశ్న. నిల్వ ఉన్నచోట ఆ నీటి రంగు కొన్నాళ్లకు పలచబడితే శుద్ధి అయిందని భావించడం సహజం. శాస్త్రం మాత్రం అందుకు అంగీకరించదు.

ప్రపంచంలో వాడే కృత్రిమ రంగుల్లో సగానికి పైగా అజో వర్గానివే. అద్దకం పనివారు ఎరిగిన నాఫ్తాల్ రంగులు ఈ కోవలోనివే. (వ్యాట్ రంగుల నిర్మాణం వేరు.) వీటిలో రెండు నత్రజని పరమాణువులు వంతెనలా నిలిచి, ఇరువైపులా బెంజీన్ వంటి వలయాలను కలిపి ఉంచుతాయి. కంటికి కనిపించే రంగుకు ఆ వంతెనే మూలం. ఆరు కర్బన పరమాణువుల వలయం మహా మొండిది. ఎలక్ట్రాన్లను ఆరూ సమంగా పంచుకోవడం వల్ల అది సులభంగా తెగదు. ఇటువంటి వలయాలున్న వాటినే ఆరోమాటిక్ సమ్మేళనాలంటారు. పేరులో ఉన్న సువాసన గుణంలో ఉండాలని లేదు.

గాలి సోకని బురదలో బ్యాక్టీరియా 'అజో రిడక్టేజ్' అనే ఎంజైముతో వంతెనను విరుస్తుంది. రంగు పోతుంది. విరిగిన ముక్కలు మాత్రం ఆరోమాటిక్ ఎమీన్లుగా నీటిలోనే ఉండిపోతాయి. వీటిలో బెంజిడిన్ వంటివి మూత్రాశయ క్యాన్సర్‌కు కారకాలు. ఈ కారణంగానే 1990వ దశకంలో కేంద్ర ప్రభుత్వం బెంజిడిన్ ఆధారిత రంగులు సహా 112 రంగులను నిషేధించింది. నీరు తేటపడిన దశలోనే ఎక్కువ జాగ్రత్త అవసరమన్నమాట.

ఆ నీటికి గాలి అందితే సూడోమోనాస్ వంటి బ్యాక్టీరియా పని మొదలవుతుంది. వాటి ఆక్సిజనేజ్ ఎంజైములు వలయానికి ప్రాణవాయువును చేర్చి కెటికాల్‌గా మారుస్తాయి. మరో ఎంజైము ఆ వలయాన్ని తెంచుతుంది. ఇది గాలిలోని ప్రాణవాయువునే నేరుగా వాడుకుంటుందని 1955లో జపాన్ శాస్త్రవేత్త ఒసాము హయాయిషి నిరూపించారు. తెగిన ముక్కలు బ్యాక్టీరియాకు ఆహారమై, చివరకు బొగ్గుపులుసు వాయువు, నీరుగా మారతాయి.

శిలీంధ్రాల దారి వేరు. పత్తికట్టెకు గట్టిదనమిచ్చే లిగ్నిన్ కూడా ఆరోమాటిక్ పదార్థమే. కట్టెను తెల్లగా కుళ్లబెట్టే శిలీంధ్రాలు లాకేజ్, పెరాక్సిడేజ్ ఎంజైములను బయటకు వదిలి దానిని ఛిన్నాభిన్నం చేస్తాయి. వీటిలో లిగ్నిన్ పెరాక్సిడేజ్‌ను 1983లో కనుగొన్నారు. ఒకే పదార్థానికి కట్టుబడని ఈ ఎంజైములు రంగులను సైతం విడిచిపెట్టవు. ఎండుగడ్డిపై పెంచే ముత్యపుచిప్ప పుట్టగొడుగు ఈ కోవకే చెందుతుంది. కోత అయ్యాక పారవేసే గడ్డిలోనూ లాకేజ్ కొంత మిగిలి ఉంటుంది.

అలాగని ఆ గడ్డిని నీటిలో వేస్తే చాలుననుకోవడం తొందరపాటే. అద్దకం నీటిలో కాస్టిక్ సోడా, ఉప్పు ఎక్కువ. శిలీంధ్రాల ఎంజైములు కొద్దిపాటి ఆమ్లంలోనే చురుగ్గా పనిచేస్తాయి. ముందు క్షారాన్ని తగ్గించి, గాలి లేని తొట్టిలోనూ, తరువాత గాలి ఊదే తొట్టిలోనూ నీటిని నిలపాలి. ఇంటివద్ద అద్దకం చేసుకునేవారికి ఇది మోయలేని భారం. ఉమ్మడి శుద్ధి కేంద్రం తప్ప మార్గం లేదు. అక్కడ కూడా ఎమీన్ల పరీక్ష జరిగిన మీదటే నీటిని కాలువలోకి వదలాలి.