మీకు తెలుసా? కిలిమంజారోపై చుట్టుదారే నయం

టాంజానియాలోని కిలిమంజారో పర్వతం (5,895 మీటర్లు) ఎక్కేవారిలో, ఎక్కువ రోజులు పట్టే దారులు ఎంచుకున్నవారే ఎక్కువ శాతం శిఖరం చేరుతున్నారు. సులువైనదని పేరుపడ్డ మరంగు దారిలో మధ్యలో వెనుదిరిగేవారు ఎక్కువ.

మరంగులో వాలు తక్కువ. రాత్రిళ్లు పడుకోవడానికి చెక్క గదులు, మంచాలు కూడా ఉంటాయి. 'కోకా-కోలా దారి' అనే ముద్దుపేరు దానిదే. చిక్కంతా వేగంతోనే. ఐదు రోజుల ప్రయాణంలో సుమారు 3,700 మీటర్ల హొరొంబో శిబిరం నుంచి 4,700 మీటర్ల కిబో శిబిరానికి ఒక్క రోజులో చేరి, ఆ అర్ధరాత్రే శిఖరానికి బయల్దేరాలి. 3,000 మీటర్లు దాటాక, రాత్రి పడుకునే చోటు ఎత్తును రోజుకు 500 మీటర్లకు మించి పెంచకూడదన్నది పర్వత వైద్య నిపుణుల సూచన; ఇక్కడ అది రెట్టింపవుతోంది. శిఖరం మీద ప్రతి శ్వాసకూ అందే ఆక్సిజన్ సముద్రమట్టంలో అందేదానిలో దాదాపు సగమే. కండబలం ఉన్నవారికీ ఇందులో మినహాయింపు లేదు.

మచామే, లెమోషో దారుల్లో ఎక్కుడు నిటారు, పడక గుడారాల్లోనే. అయినా అవి పగలు 4,600 మీటర్ల లావా టవర్ దాకా ఎక్కించి, రాత్రికి 4,000 మీటర్ల లోపున్న బరాంకో శిబిరానికి దించుతాయి. పలచని గాలికి శరీరం అలవాటుపడేది ఇలాగే. లెమోషోకు సాధారణంగా ఏడెనిమిది రోజులు పడుతుంది. మరంగులోనూ హొరొంబో వద్ద ఒక రోజు అదనంగా ఆగితే అవకాశం మెరుగవుతుంది. పార్కు రుసుము మాత్రం రోజుల లెక్కన పెరుగుతుంది.