చెప్పిన మాట చేరిందా?

కట్టడం పనులకు వచ్చిన కామాఠీల పేరు మోస్తున్న ముంబైలోని కామాఠీపురా నుంచి విక్టోరియా డాక్ నడిచిపోయేంత దూరమే. 1944 ఏప్రిల్ 14న ఆ డాక్‌లో ఫోర్ట్ స్టైకిన్ అనే ఓడ ఆగి ఉంది. కడుపులో దాదాపు 1,400 టన్నుల పేలుడు సరుకు, దాంతోపాటు పత్తి బేళ్లు. మధ్యాహ్నం కూలీలు పొగ చూశారు. పేలుడు సరుకుందని కంట్రోల్ రూముకు చెప్పాలని ఫైర్ సిబ్బందిలో ఒకాయన పరుగెత్తితే, దొరికిన ఫోనుకు డయల్ లేదు. గత్యంతరం లేక అలారం అద్దం పగలగొట్టాడు. అలారం మంట ఉందని చెబుతుంది గాని, ఏం తగలబడుతోందో చెప్పదు. మామూలు మంటకు వచ్చినట్టే రెండు బళ్లు వచ్చాయి. తర్వాత మరిన్ని వచ్చినా, ఓడను అక్కడే ముంచాలా, సముద్రంలోకి లాగాలా అన్నది ఎవరూ తేల్చలేదు. సాయంత్రం 4:06కి ఓడ పేలింది. వందల మంది చనిపోయారు, వేలమందికి నిలువనీడ లేకుండా పోయింది.

ఆ సరుకు సంగతి ఓడ సిబ్బందికి తెలుసు. తెలిసినవాళ్ల నుంచి ఏదైనా చేయగలిగినవాళ్లకు అది వేళకు చేరలేదు. ఓడల ప్రమాదాలను పరిశీలించేవాళ్లు మొదట వెతికేది ఇలాంటి ఎడాన్నే.

ముంబై సముద్రంలోనే 2010 ఆగస్టు 7 ఉదయం ఎమ్మెస్సీ చిత్ర, ఖలీజియా-3 అనే ఓడలు ఢీకొన్నాయి. చిత్ర పక్కనున్న జవహర్‌లాల్ నెహ్రూ రేవు (అప్పటి జేఎన్‌పీటీ) నుంచి బయటికి, ఖలీజియా ముంబై రేవులోకి. చిత్ర ఒరిగిపోయి కంటెయినర్లు నీళ్లలో పడ్డాయి, సుమారు 800 టన్నుల నూనె ఒలికింది, రెండు రేవులూ కొన్నాళ్లు మూతపడ్డాయి. చేపలు తినొచ్చా లేదా అని నగరమంతా భయపడింది. ఇద్దరు కెప్టెన్ల మీదా కేసు పెట్టారు. పక్కపక్కన ఉన్న రెండు రేవులు వేర్వేరు రేడియో ఛానెళ్లలో మాట్లాడటం గురించి కూడా అప్పటి పత్రికలు రాశాయి.

రేవు దగ్గర పడగానే ఓడ ఎక్కే పైలట్‌కు అక్కడి లోతులు, పోట్లు, మలుపులు కొట్టినపిండి. ఓడ గుణం మాత్రం కెప్టెన్‌కే తెలుసు. తాళ్ల నిచ్చెన ఎక్కి వచ్చిన ఈ కొత్త మనిషితో కొద్ది నిమిషాల్లో అంతా కలబోసుకోవాలి: ఎటు వెళ్దాం, ఎక్కడ వేగం తగ్గిద్దాం, ఇంజన్‌లో ఏమైనా లోపముందా. పైలట్ ఎక్కినా ఓడ బాధ్యత కెప్టెన్‌దే. అయినా ఒక్కోసారి స్థానికుడి ముందు కెప్టెన్ నోరు మెదపడు, కెప్టెన్ ముందు కుర్ర అధికారి మెదపడు.

2007 నవంబర్ 7న శాన్ ఫ్రాన్సిస్కోలో దట్టమైన పొగమంచు. కాస్కో బుసాన్ అనే ఓడలో పైలట్ ఎలక్ట్రానిక్ పటం మీద ఉన్న ఎర్ర త్రికోణాలు ఏమిటని చైనా కెప్టెన్‌ను అడిగాడు. వచ్చిన అరకొర జవాబును బట్టి, దాటాల్సిన వంతెన కింద దారి అక్కడే ఉందనుకున్నాడు. నిజానికవి వంతెన స్తంభం దగ్గరి బోయాల గుర్తులు. ఓడ ఆ స్తంభం రక్షణ కట్టడాన్ని రాసుకుంటూ పోయింది. రెండు లక్షల లీటర్ల నూనె ఒలికింది. పైలట్, కెప్టెన్ల మధ్య సరైన సమాచార మార్పిడి జరగలేదని అమెరికా దర్యాప్తు సంస్థ తేల్చింది.

మాట చేరిందని తేల్చుకునే దారి ఒకటుంది. పరంజా కింద ఉన్న కూలీ "ఇటుకలు వస్తున్నాయి" అని కేకేస్తే, పైనున్న మేస్త్రి "రానీ" అని బదులిచ్చాకే తాడు లాగుతారు. ఓడలోనూ అంతే. చుక్కాని పట్టినవాడు ఆజ్ఞను తిరిగి పలకాలి, చుక్కాని తిరిగాక మళ్లీ చెప్పాలి. అంతర్జాతీయ సముద్రయాన సంస్థ 2001లో ఆమోదించిన ప్రామాణిక వాక్యాలదీ ఇదే ఉద్దేశం. దిశ 150 అయితే "వన్ ఫిఫ్టీ" అనకుండా "వన్ ఫైవ్ జీరో" అనాలి. చెప్పబోయేది ప్రశ్నా, హెచ్చరికా, సూచనా అన్నది ముందే చెప్పొచ్చు. గాలిహోరులో సగం మాట పోయినా, అది ఏ రకం మాటో వినేవాడికి అందుతుంది.

నా మటుకు నాకు, ప్రమాదం జరిగాక కెప్టెన్‌ను బోనెక్కించి ఫైలు మూసేయడం దర్యాప్తు అనిపించుకోదు. ఆ వేళ ఎవరు ఏ ఛానెల్లో ఉన్నారు? పైలట్ దిగేటప్పుడు ఏం చెప్పి దిగాడు? అనుమానం వచ్చిన కుర్ర అధికారి ఎందుకు ఊరుకున్నాడు? ఈ జవాబులు రాబట్టి, తర్వాతి ఓడకు అందించాలి. ముంబై, జవహర్‌లాల్ నెహ్రూ రేవుల ఓడలు నేటికీ ఒకే నీటిదారిలో ఎదురుపడుతూనే ఉన్నాయి.