10,491 మంది తేల్చిన పోటీ

1880లో అమెరికా జనగణన శాఖ సుమారు ఐదు కోట్ల మంది వివరాలు రాసుకొచ్చింది. వాటిని పట్టికలుగా తేల్చేసరికి దాదాపు ఆ దశాబ్దమంతా గడిచిపోయింది. జనం పెరుగుతున్నారు, ప్రభుత్వం అడిగే ప్రశ్నలూ పెరుగుతున్నాయి. చేతిలెక్కనే నమ్ముకుంటే 1890 లెక్క తేలకముందే 1900 వచ్చిపడేలా ఉంది.

అప్పుడు శాఖ చేసిన పని నాకు ఇప్పటికీ ఆదర్శంగా కనిపిస్తుంది. మూడు పద్ధతుల వాళ్లను పిలిచి 1889లో పోటీ పెట్టింది. విలియం హంట్‌ది కాగితపు చీటీల పద్ధతి. చార్లెస్ పిడ్జిన్‌ది రంగు కార్డుల పద్ధతి. రెండింటిలోనూ లెక్క చేత్తోనే. మూడోది హెర్మన్ హోలరిత్ అనే యువ ఇంజనీరు తెచ్చిన విద్యుత్ యంత్రం. పరీక్షకు కల్పిత లెక్కలు వాడలేదు. 1880లో సెయింట్ లూయిస్ నగరంలో నిజంగా సేకరించిన 10,491 మంది వివరాలను ముగ్గురికీ ఇచ్చి, వాటిని చీటీలు, కార్డుల మీదికి ఎక్కించడానికి పట్టిన కాలాన్నీ, లెక్కించడానికి పట్టిన కాలాన్నీ విడివిడిగా కొలిచారు.

వివరాలు ఎక్కించడానికి హంట్‌కు 144 గంటల 25 నిమిషాలు, పిడ్జిన్‌కు 110 గంటల 56 నిమిషాలు, హోలరిత్‌కు 72 గంటల 27 నిమిషాలు పట్టాయి. లెక్క దగ్గరికొచ్చేసరికి హంట్‌కు 55 గంటల 22 నిమిషాలు, పిడ్జిన్‌కు 44 గంటల 41 నిమిషాలు. హోలరిత్ యంత్రానికి 5 గంటల 28 నిమిషాలు చాలాయి.

హోలరిత్ 1860లో బఫెలోలో పుట్టాడు. కొలంబియాలో గనుల ఇంజనీరింగ్ చదివి, 1880 జనగణనలో పనిచేశాడు. అక్కడే జాన్ షా బిల్లింగ్స్ అనే వైద్యుడు ఈ లెక్కలకు ఒక యంత్రం ఉండాలని ఆయన చెవిన వేశాడు. దారి మాత్రం రైల్లో దొరికింది. ప్రయాణికుడి జుట్టు రంగు, కళ్ల రంగు, ముక్కు తీరు కండక్టరు టికెట్టు అంచున చిల్లులతో గుర్తుపెట్టడం ఆయన చూశాడు. మనిషి ఆనవాళ్లు చిల్లుల్లో ఇమిడితే, ఆ చిల్లులను కరెంటు చదవగలదు.

ఆ చదివే తీరు చూడదగ్గది. ఒక్కో మనిషి వివరాలు చిల్లులుగా పడ్డ కార్డును గుమాస్తా యంత్రంలో పెట్టి పిడి కిందికి లాగుతాడు. స్ప్రింగు సూదుల వరుస కార్డుమీదికి దిగుతుంది. చిల్లు లేనిచోట సూది ఆగిపోతుంది. చిల్లు ఉన్నచోట కిందికి దూరి చిన్న గిన్నెలోని పాదరసాన్ని తాకుతుంది. సర్క్యూట్ పూర్తయి, ఎదురుగా ఉన్న డయల్ మీద ముల్లు ఒక గీత ముందుకు జరుగుతుంది. పక్కనున్న పెట్టెలో ఒక అర మూత దానంతటదే తెరుచుకుంటుంది. గుమాస్తా కార్డును అందులో వేసి మూత మూస్తాడు.

అసలు గొప్పతనం రిలేల్లో, అంటే కరెంటుతో పనిచేసే స్విచ్చుల్లో ఉంది. రెండు మూడు చిల్లులు కలిసి పడినప్పుడే ఒక డయల్ కదిలేలా తీగలు కలపవచ్చు. అలా కలిపితే మగవాళ్లెందరు అన్న ప్రశ్నతో ఆగక, మగవాళ్లలో విదేశాల్లో పుట్టినవారెందరు, వాళ్లలో ఫలానా వృత్తివారెందరు అని అడగవచ్చు. ఇవాళ ఎక్సెల్ పివట్ టేబుల్లో మనం చేసేది ఇదే.

ఆ పోటీ అంకెల్లో నన్ను ఆపేది ఇంకొకటి ఉంది. హోలరిత్‌కు మొత్తం 77 గంటల 55 నిమిషాలు పడితే, అందులో 72 గంటలకు పైగా కార్డులు సిద్ధం చేయడానికే పోయింది. మెరిసే యంత్రం వాటా ఐదున్నర గంటలే. అయితే రెండో ప్రశ్న అడగాలంటే ఆ 72 గంటలు మళ్లీ అక్కర్లేదు, ఉన్న కార్డులనే మరోసారి నడిపితే సరి. యంత్రం అసలు లాభం అక్కడే.

1890 జనగణనకు ఆయన యంత్రాలే ఎంపికయ్యాయి. కానీ వాటిని అమ్మలేదు, అద్దెకిచ్చాడు. 1900లోనూ ఆయనవే. అద్దె మరీ ఎక్కువని గొడవ ముదిరి, శాఖ సొంత వర్క్‌షాపు పెట్టుకుంది. 1910కల్లా ఆయన కంపెనీతో తెగతెంపులు చేసుకుంది. తప్పు ఎవరిదైనా, మంచి సాధనం ఎంచుకున్నవాళ్లే దానినుంచి బయటపడే దారి ముందుగా చూసుకోలేదు.

ఈలోగా హోలరిత్ న్యూయార్క్ సెంట్రల్ రైల్వే గడప తొక్కాడు. జనగణనలో మనిషిని ఒకటిగా లెక్కిస్తే చాలు. సరుకు రవాణాలో బరువులు, ఛార్జీలు కూడాలి. అందుకని కూడిక చేసే యంత్రం తయారుచేశాడు. వ్యాపార లెక్కలకు యంత్రపు రిపోర్టులు అలా మొదలయ్యాయి. 1896లో ఆయన పెట్టిన కంపెనీ 1911లో మరికొన్నింటితో కలిసింది. 1924లో ఆ ఉమ్మడి సంస్థ ఐబీఎం అయింది. ఆ సంస్థ ఇంజనీరు హన్స్ పీటర్ లూన్ 1958లో రాసిన పత్రంలోనే ‘బిజినెస్ ఇంటెలిజెన్స్’ ఒక కంప్యూటర్ వ్యవస్థకు పేరైంది.

ఇవాళ మీ సంస్థకు అలాంటి బిజినెస్ ఇంటెలిజెన్స్ సాధనాల్లో టాబ్లో తీసుకోవాలా, పవర్ బీఐ తీసుకోవాలా అని తర్జనభర్జన పడుతున్నారా? ఆ 1889 పోటీలాగే చేయండి. అమ్మేవాళ్లు తెచ్చిన నమూనా డేటాను పక్కన పెట్టించండి. పోయిన ఏడాది మీ సొంత బిల్లుల్లో ఒక నెలవి, తప్పులతో సహా, వాళ్ల చేతికివ్వండి. డేటా సర్దడం మొదలైన నిమిషం నుంచే గడియారం చూడండి. మొదటి రిపోర్టు రాగానే ప్రశ్న మార్చి మళ్లీ అడగండి. ఒప్పందం వదులుకుంటే మీ డేటాతో పాటు మీరు కట్టిన రిపోర్టులు కూడా ఏ రూపంలో చేతికొస్తాయో, సంతకానికి ముందే రాతపూర్వకంగా తీసుకోండి.