తెల్లని నేల, తీవ్రమైన ఎండ: వీడియో చిత్రీకరణలో ఎన్.డి. ఫిల్టర్లు

లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు:
• వీడియోలో షట్టర్ వేగాన్ని ఇష్టం వచ్చినంత పెంచకూడదని ఎందుకు అంటారో వివరించగలుగుతారు.
• ఒక సందర్భానికి ఎన్ని స్టాపుల ఫిల్టర్ కావాలో లెక్క కట్టగలుగుతారు.
• ఫిల్టర్ చేయగల పనికీ, చేయలేని పనికీ తేడా గుర్తించగలుగుతారు.

1. పరిచయం

శ్రీకాకుళం జిల్లా టెక్కలికి సమీపంలోని నౌపడ ఉప్పు మడులకు ప్రసిద్ధి. వేసవి మధ్యాహ్నం అక్కడ నిలబడితే కళ్ళు చికిలించక తప్పదు. పైనుంచి పడే ఎండకు తోడు, తెల్లని ఉప్పు కుప్పల మీద పడి తిరిగి వచ్చే వెలుగు కూడా కంటికి తగులుతుంది. మంచు కొండల్లో కెమెరాకు ఎదురయ్యే సమస్య కూడా ఇదే. ఈ తీరంలో మంచు కురవదు కాని, ఉప్పు కుప్పలు, ఇసుక తిన్నెలు ఆ పాఠాన్ని మనకు దగ్గరలోనే నేర్పుతాయి. మీరు ఉప్పు కార్మికుల మీద ఒక చిన్న డాక్యుమెంటరీ తీస్తున్నారని అనుకుందాం.

2. సమస్య ఎక్కడ వస్తుంది?

స్టిల్ ఫోటోలో వెలుగు ఎక్కువైతే షట్టర్ వేగం పెంచితే సరిపోతుంది. వీడియోలో ఆ స్వేచ్ఛ తక్కువ. సెకనుకు 25 ఫ్రేములు తీసేటప్పుడు ఒక్కో ఫ్రేముకు 1/50 సెకను షట్టర్ ఉంచడం సాధారణ పద్ధతి. దీనినే 180 డిగ్రీల షట్టర్ అంటారు. ఈ వేగంలో కదిలే వస్తువు కొద్దిగా చెదిరి కనిపిస్తుంది. ఆ చెదురే కదలికను సహజంగా చూపిస్తుంది. షట్టర్‌ను 1/3200 సెకనుకు పెంచితే ప్రతి ఫ్రేమూ విడి ఫోటోలా పదునుగా వస్తుంది. అప్పుడు ఉప్పును లాగే చేతుల కదలిక తెగి తెగి పడినట్లు ఉంటుంది.

ఎపర్చర్‌ను ఎఫ్/22 వరకు మూసినా చిక్కులున్నాయి. కాంతి వివర్తనం వల్ల చిత్రం పదును తగ్గుతుంది. సెన్సర్ మీది దుమ్ము మచ్చలు బయటపడతాయి. ముందున్న మనిషిని వెనుక దృశ్యం నుంచి విడదీసి చూపడం కూడా కుదరదు.

3. ఎన్.డి. ఫిల్టర్ అంటే ఏమిటి?

ఇది కటకం ముందు బిగించే బూడిద రంగు అద్దం. రంగులను మార్చకుండా, లోపలికి వెళ్ళే కాంతి పరిమాణాన్ని మాత్రమే తగ్గిస్తుంది. ఒక స్టాపు తగ్గడమంటే కాంతి సగం కావడం.

• ఎన్.డి.2: 1 స్టాపు (సాంద్రత 0.3)
• ఎన్.డి.4: 2 స్టాపులు (సాంద్రత 0.6)
• ఎన్.డి.8: 3 స్టాపులు (సాంద్రత 0.9)
• ఎన్.డి.64: 6 స్టాపులు (సాంద్రత 1.8)

కొన్ని ఫిల్టర్ల మీద మొదటి సంఖ్య, మరికొన్నింటి మీద సాంద్రత ముద్రిస్తారు. కొనేముందు ఏది ముద్రించారో చూసుకోండి.

4. లెక్క కట్టే విధానం

మబ్బులేని ఎండకు ఒక పాత సూత్రం ఉంది. ఎఫ్/16 వద్ద షట్టర్ వేగం ఐ.ఎస్.ఓ. సంఖ్యకు సమానంగా ఉండాలి. అంటే ఐ.ఎస్.ఓ. 100కు 1/100 సెకను. ఇసుక, ఉప్పు, మంచు వంటి మెరిసే నేల మీద మరో స్టాపు మూసి ఎఫ్/22 తీసుకుంటారు.

మన షట్టర్ 1/50. అందువల్ల కాంతి రెట్టింపవుతుంది, ఎపర్చర్ ఎఫ్/32 కావాలి. మనకు కావలసింది ఎఫ్/4. వరుసగా లెక్కించండి: 32, 22, 16, 11, 8, 5.6, 4. మధ్యలో 6 అడుగులు ఉన్నాయి. కాబట్టి 6 స్టాపులు, అంటే ఎన్.డి.64 కావాలి.

చాలా ఫోన్లలో ఎపర్చర్ మారదు. అందుకే ఫోన్‌తో తీసేవారికి క్లిప్‌తో తగిలించే ఎన్.డి. ఫిల్టర్ మరింత అవసరం. దానితోపాటు షట్టర్‌ను 1/50 వద్ద స్థిరపరచగల మాన్యువల్ వీడియో సదుపాయం కూడా ఉండాలి.

తరువాత పలాసలోని జీడిపప్పు పరిశ్రమ లోపల చిత్రీకరించాల్సి వస్తే ఫిల్టర్ తీసేయండి, షట్టర్ మాత్రం మార్చకండి. మన దేశంలో విద్యుత్తు 50 హెర్ట్జ్ కాబట్టి 1/50 వద్ద దీపాల మినుకు సాధారణంగా కనిపించదు.

5. ఫిల్టర్ చేయలేని పని

విద్యార్థులు ఎక్కువగా పొరపడేది ఇక్కడే. ఫిల్టర్ ఉప్పు కుప్ప వెలుగును ఎంత తగ్గిస్తుందో, కార్మికురాలి ముఖం మీది వెలుగునూ అంతే తగ్గిస్తుంది. రెండింటి మధ్య తేడా అలాగే మిగులుతుంది.

పైగా ఆటో ఎక్స్‌పోజర్ తెల్లదనాన్ని బూడిద రంగుకు దించాలని చూస్తుంది. దానితో ఉప్పు మురికిగా, ముఖం నల్లగా వస్తాయి. ముఖం కనిపించని మనిషి ప్రేక్షకుడికి ఒక నీడగానే మిగులుతుంది. ఆమె శ్రమను చెప్పాలనుకున్న చిత్రం అక్కడే విఫలమవుతుంది. కాబట్టి:

• ఆటో ఎక్స్‌పోజర్ వాడితే 1 నుంచి 2 స్టాపుల వరకు పెంచి చూడండి. మాన్యువల్‌లో ముఖాన్ని బట్టి నిర్ణయించండి.
• ఉప్పులోని గరుకుదనం పూర్తిగా చెరిగిపోకుండా జీబ్రా గుర్తులనో, హిస్టోగ్రామ్‌నో గమనించండి.
• ఉప్పు కుప్ప నుంచి తిరిగి వచ్చే వెలుగు ముఖం మీద పడేలా కెమెరా స్థానాన్ని ఎంచుకోండి. అప్పుడు ఇబ్బంది పెట్టిన కుప్పే మీకు రిఫ్లెక్టరవుతుంది.
• వీలైతే ఉదయం పూట తీయండి.

6. జాగ్రత్తలు

తిప్పి సర్దుకునే వేరియబుల్ ఎన్.డి.లో రెండు పోలరైజర్లు ఉంటాయి. బాగా నలుపుకు తిప్పితే, ముఖ్యంగా వైడ్ కటకాల్లో, ఇంటూ గుర్తు వంటి నీడ పడవచ్చు. మడుల్లోని నీటి మెరుపు కూడా మారిపోవచ్చు. ఇక ఉప్పు గాలి తగిలిన ఫిల్టర్‌ను పొడిగుడ్డతో రుద్దితే గీతలు పడతాయి. ముందు బ్లోయర్‌తో ఊది, తరువాత కొద్దిగా తడిపిన మెత్తని గుడ్డతో తుడవండి.

సారాంశం

వీడియోలో షట్టర్‌ను కదలిక కోసం, ఎపర్చర్‌ను దృశ్యం లోతు కోసం ఎంచుకుంటాం. మిగిలిన అదనపు కాంతిని ఎన్.డి. ఫిల్టర్ తగ్గిస్తుంది. తెలుపు నలుపుల తేడాను అది తగ్గించదు. ఆ బాధ్యత చిత్రీకరించేవారిదే.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. భావనపాడు ఇసుక తీరంలో మబ్బులేని ఎండలో ఐ.ఎస్.ఓ. 100, షట్టర్ 1/50, ఎఫ్/8తో చిత్రీకరించాలంటే ఏ ఫిల్టర్ కావాలి?
2. ఎన్.డి. ఫిల్టర్ బిగించినా ముఖం నల్లగా రావడానికి కారణమేమిటి?

మొదటి ప్రశ్నకు సమాధానం: 4 స్టాపులు, అంటే ఎన్.డి.16. రెండో ప్రశ్నకు 5వ విభాగం చూడండి.